నిజంలా ఉంది సరే, చేసిందెవరు?

మన సినిమా ఇంటర్వ్యూల్లో అరిగిపోయిన మాట ఒకటుంది: "అది గ్రాఫిక్స్ కాదండీ, ఒరిజినల్‌గా చేశాం." యాంకర్ కళ్లు పెద్దవి చేస్తుంది. హీరోగారు వినయంగా తల వంచుకుంటారు. పక్కనుంచి డైరెక్టర్‌గారు "రోప్ కూడా వద్దన్నారండీ ఆయన" అని అందుకుంటారు. రోప్ ఉంది. ఒకటి కూడా కాదు, రెండున్నాయి. ఫ్రేము తర్వాత ఫ్రేము పట్టుకుని ఆ రెండింటినీ చెరిపిన కుర్రాడు మణికొండలో ఏదో మెస్సులో పప్పన్నం కలుపుకుంటూ అదే ఇంటర్వ్యూ ఫోన్‌లో చూస్తుంటాడు. నోరు విప్పడు. విప్పనని సంతకం పెట్టించుకున్నారు.

సినిమా అబద్ధం చెబుతోందని నాకేం బాధ లేదు. అది దాని వృత్తి. డబ్బులిచ్చి మరీ ఆ అబద్ధం కొనుక్కుంటాం. నా గొడవంతా తెర బయట ఆడుతున్న అబద్ధంతో. కంప్యూటర్ బొమ్మ ఏడాదికేడాది నిజానికి దగ్గరవుతోంది. అది దగ్గరైన కొద్దీ దాన్ని చేసినవాడు కంటికి ఆనకుండా పోతున్నాడు. ఇది దానంతటదే జరిగిపోయిందనుకుంటే మీ అమాయకత్వానికో దండం. ఎవరికి లాభమో వాళ్లే దాచిపెడుతున్నారు. దాచడానికి మీరూ ఓ చెయ్యి వేస్తున్నారు.

కాబట్టి మీతోనే మొదలెడతాను. కోపమొస్తే పేజీ తిప్పేయండి.

2022 అక్టోబరులో 'ఆదిపురుష్' టీజర్ వచ్చింది. ఆ వారం ఈ దేశంలో గ్రాఫిక్స్ నిపుణుడు కానివాడు లేడు. లైటింగ్ బాగాలేదన్నవాడు ఒకడు, టెక్స్చర్ తేలిపోయిందన్నవాడు ఒకడు, మా తమ్ముడు ఫోన్‌లో ఇంతకన్నా బాగా చేస్తాడన్నవాడు ఇంకొకడు. తిట్లన్నీ వెళ్లి ఎక్కడ పడ్డాయి? "గ్రాఫిక్స్ వాళ్ల" మీద. ఆ టీజర్ పని మాది కాదు మొర్రో అని ఒక స్టూడియో ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది. జనవరిలో రావలసిన సినిమా జూన్‌కు జరిగింది. బాగాలేనిదాన్ని బాగాలేదనడం మీ హక్కే, కాదనను. మరి 2015లో 'బాహుబలి' జలపాతం చూసి నోరు తెరిచారే, అప్పుడు ఎవర్ని పొగిడారు? ఆ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ చూసినాయన పేరు చెప్పండి చూద్దాం. ఫోన్ తీయకుండా. కట్టప్ప ఎందుకు చంపాడని రెండేళ్లు బుర్ర బద్దలు కొట్టుకున్న మీకు ఆ మాత్రం తెలియాలిగా. వి. శ్రీనివాస్ మోహన్. ఆ పనికి ఆయనకు జాతీయ అవార్డు వచ్చింది. అవార్డు వచ్చినవాడి పేరే తెలియని మనకు, ఆయన వెనక నీటి తుంపరలు ఒక్కొక్క పొరా పేర్చిన వందల మంది పేర్లు ఎలా తెలుస్తాయి?

బాగుంటే దర్శకుడి విజన్. చెత్తగా ఉంటే సీజీ వాళ్ల ఖర్మ. మన న్యాయం ఇదీ.

"అయినా వాళ్లేం చేస్తారండీ, అంతా కంప్యూటరే చేసేస్తుందిగా!" ఈ మాట చదువుకున్నవాళ్ల నోట కూడా విన్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్ల నోట విన్నప్పుడైతే చెవులు మూసుకున్నాను. సరే, కంప్యూటర్ ఏం చేసిందో, మనుషులేం చేశారో కొంచెం చూద్దాం.

1971. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయం. ఆన్రీ గురో అనే ఫ్రెంచి విద్యార్థి, పలకలు పలకలుగా కనిపించే కంప్యూటర్ బొమ్మను నున్నగా ఎలా చూపించాలా అని తల పట్టుకుని ఉన్నాడు. ప్రయోగానికి ఒక ముఖం కావాలి. భార్యను కూర్చోబెట్టి ఆమె ముఖం నిండా గీతలు గీశాడు, గడులు గడులుగా, వల పరిచినట్టు. ఆ గీతల్ని ఫొటో తీసి, ఒక్కో మూలనీ కొలిచి కంప్యూటర్‌కు ఎక్కించాడు. కంప్యూటర్ మీద నున్నగా మెరిసిన తొలి ముఖాల్లో ఒకటి అలా పుట్టింది. ఆ పద్ధతికి గురో షేడింగ్ అని పేరు. ముఖం ఇచ్చినామె పేరు సిల్వీ. మరుసటి ఏడాది అక్కడే ఆచార్యుడు ఇవాన్ సదర్లాండ్ శిష్యులు కొలబద్దలు పట్టుకుని ఒక ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు చుట్టూ తిరిగి, దాని ఒళ్లంతా కొలిచి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. కారు ఆచార్యుడి భార్యది. 1975లో అక్కడే మార్టిన్ న్యూవెల్ అనే పరిశోధకుడికి బొమ్మ గీయడానికి ఒక వస్తువు కావలసి వస్తే, ఇంట్లో టీపాట్ ఉందిగా, దాన్నే గీయమని సలహా ఇచ్చింది భార్య శాండ్రా. ఆ టీపాట్ ఇవాళ ప్రపంచమంతటికీ తెలుసు. శాండ్రా ఎవరికి తెలుసు? పేర్లు మింగేయడం ఈ విద్యకు ఊయలలోనే అబ్బింది. మన ఫిల్మ్‌నగర్ కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

అదే యూటాలో వియత్నాం నుంచి వచ్చిన బుయ్ తూంగ్ ఫాంగ్ అనే కుర్రాడు వెలుగు మీద పడ్డాడు. వస్తువు మీద తళుక్కున మెరిసే చుక్క ఉంటుందే, అది ఎక్కడ పడుతుంది, ఎంత పదునుగా పడుతుంది, ఎక్కడికి వచ్చేసరికి చల్లారుతుంది అన్నది లెక్క కట్టాడు. 1975లో ఆ పరిశోధన అచ్చయింది. అదే ఏడాది లుకేమియాతో పోయాడు. వయసు 32. ఆ తర్వాత రెండు దశాబ్దాల పాటు కంప్యూటర్ బొమ్మల్లో మెరిసిన చుక్కల్లో అధికభాగం అతని భిక్షే.

ఆ లెక్కకు ఒక లోటుంది. దానితో ఏది గీసినా ప్లాస్టిక్‌లా కనబడుతుంది. పిక్సార్ వాళ్లు తెలివైనవాళ్లు, ప్లాస్టిక్‌నే కథానాయకుల్ని చేశారు. 1995లో వచ్చిన 'టాయ్ స్టోరీ'లో వుడీ, బజ్ ముద్దొస్తారు. అందులో మనుషుల్ని గుర్తు చేసుకోండి. పిల్లాడు ఆండీ మైనపు ముద్దలా ఉంటాడు. పూర్తిగా కంప్యూటర్‌లోనే తయారైన మొదటి పెద్ద సినిమా, 1,14,240 ఫ్రేములు, 117 కంప్యూటర్లు రాత్రీపగలూ ఉడికాయి, అయినా ఒక పిల్లాడి చెంప రాలేదు. కంప్యూటరే అంతా చేసేదైతే ఎందుకు రాలేదు?

ఎందుకో తెలుసుకోవాలంటే ఈ రాత్రి ఒక పని చేయండి. లైట్లన్నీ ఆర్పేసి ఫోన్ టార్చి వెలిగించి దాని మీద వేళ్లు గట్టిగా అదమండి. వేలి అంచులు ఎర్రగా వెలుగుతాయి. వెలుగంతా చర్మం మీద పడి వెనక్కి ఎగరదు. లోపలికి దిగుతుంది, కండలో, రక్తంలో తిరుగుతుంది, దిగినచోట కాకుండా ఇంకెక్కడో బయటికొస్తుంది. చెంపకు ప్రాణం వచ్చేది అక్కడ. చెవి తమ్మె వెనక సూర్యుడుంటే ఎర్రబడేది అందుకే. పాలు సున్నంలా కనిపించకుండా పాలలాగే కనిపించేదీ అందుకే. ఈ విషయాన్ని సినిమాలకు పనికొచ్చేలా లెక్కల్లో పెట్టింది హెన్రిక్ జెన్సెన్, స్టీవ్ మార్ష్‌నర్, మార్క్ లెవోయ్, పాట్ హన్రహన్. 2001లో. ఆ మరుసటి ఏడాదే తెర మీదికి గొల్లమ్ అనే కంప్యూటర్ పాత్ర వచ్చాడు, ఒంటి మీద చర్మం చర్మంలా ఉన్నవాడు.

అంతకు ముందే 1986లో జేమ్స్ కజియా అనే ఆయన ఒకే ఒక్క సమీకరణం రాసి పెట్టాడు. దాని సారం పెరట్లోనే దొరుకుతుంది. తెల్ల సున్నం గోడకు దగ్గరగా ఎర్ర చీర ఆరేయండి. ఎండ కాస్తుంటే గోడ కూడా లేత ఎరుపు తిరుగుతుంది. ప్రతి వస్తువూ పక్క వస్తువుకు దీపమే. ఆ సమీకరణాన్ని సినిమా మొత్తానికి వాడుకునేంత సత్తా యంత్రాలకు రావడానికి ఇరవై ఏళ్లు పైగా పట్టింది. యంత్రం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది చీరనూ, గోడనూ, పాలనూ, పెళ్లాం ముఖాన్నీ కళ్లప్పగించి చూసిన మనిషి. మనం చూడం. చూడని మనమే "రియలిస్టిక్‌గా లేదు" అని తీర్పులిస్తాం. నిజంగా లోకం ఎలా ఉంటుందో ఎప్పుడైనా తేరిపార చూశారా మీరు?

ఇంకా నమ్మకం కుదరకపోతే 'ఈగ' దగ్గరికి రండి. అది మన ఇంట్లో జరిగిన ముచ్చటే. మొదట తయారైన ఈగను చూసి రాజమౌళి గుండె జారింది, సినిమానే ఆపేద్దామా అనుకునేదాకా వెళ్లింది. తర్వాత ఏం చేశారు? కొత్త కంప్యూటర్ కొన్నారా? నిజం ఈగను సీసాలో పట్టి, ఫ్రిజ్‌లో పెట్టి, చలికి స్పృహ తప్పాక బయటికి తీసి దగ్గరి నుంచి ఫొటోలు తీశారు. ఈగ ముఖం నిండా కళ్లే. నవ్వడానికి పెదవి లేదు, చిట్లించడానికి కనుబొమ లేదు. అందుకని 1986 నాటి పిక్సార్ చిట్టి చిత్రం 'లక్సో జూనియర్'ను ముందు పెట్టుకున్నారు. అందులో ముఖమే లేని టేబుల్ ల్యాంపు ఒంటి వంపుతోనే అలుగుతుంది, ఎగిరి గంతేస్తుంది. ఆ దారిలో ఈగకు కోపం, ప్రేమ, పగ అన్నీ కాళ్లలో, రెక్కల్లో, తల వాల్చడంలో పెట్టారు. చేసింది మకుట సంస్థ, వెనక ఆర్.సి. కమలకణ్ణన్, పీట్ డ్రేపర్. 2012లో విడుదలైంది, జాతీయ అవార్డూ వచ్చింది. మనిషి ముఖం వెంట పడ్డవాళ్ల గతి దీని పక్కన పెట్టి చూడండి. 2001లో 'ఫైనల్ ఫాంటసీ' సినిమాకు నాయిక తల మీద దాదాపు 60,000 వెంట్రుకలు మొలిపించారు. కళ్లలో ప్రాణం లేదని జనం తిప్పికొట్టారు. డబ్బు పోస్తే నిజం వస్తుందనుకునే నిర్మాతలు ఈ రెండు సినిమాలూ పక్కపక్కన వేసుకుని చూడాలి. చూడరు. వాళ్లు చూసేది ట్రేడ్ లెక్కలు.

ఇక్కడ కొందరు పెద్దలు గొంతు సవరించుకుంటారు. "ఆ రోజుల్లో కంప్యూటర్లున్నాయా? 'మాయాబజార్' ఎలా తీశారు?" అయ్యా, మీరు ఎత్తకపోతే నేనే ఎత్తేవాణ్ణి. 1957లో కళాదర్శకులు గోఖలే, కళాధర్ 50 అడుగులకు 60 అడుగుల జాగాలో 300 బుల్లి ఇళ్లు కట్టి, వాటికి దీపాలు పెట్టి ద్వారకను నిలబెట్టారు. కెమెరామన్ మార్కస్ బార్ట్లీ లేని వెన్నెలను తెచ్చి పడవ మీద కురిపించాడు. ఆ బొమ్మల ఇళ్లు అబద్ధం. ఆ వెన్నెల అబద్ధం. అది కళ అయినప్పుడు ఇది మోసం ఎలా అవుతుంది? చెక్కతో చేస్తే తపస్సు, పిక్సెల్‌తో చేస్తే చీటింగా? తేడా ఒక్కటే. గోఖలే పేరు, బార్ట్లీ పేరు మీ నోట పలుకుతాయి. 2010లో అదే 'మాయాబజార్'కు హైదరాబాద్‌లో కంప్యూటర్ల ముందు కూర్చుని రంగులద్దిన బృందంలో ఒక్క పేరు చెప్పండి. ఘటోత్కచుడి పట్టుబట్టకు ఏ రంగు వేయాలో కూర్చుని తేల్చినవాడు ఒకడుంటాడు కదా. మీ పాత సినిమా ప్రేమ ఆ కుర్చీ దాకా ఎందుకు నడవదు?

ఇక నిర్మాతలు. వీళ్ల గురించి రాయొద్దని ఒక మిత్రుడు హితవు చెప్పాడు, సినిమా పేజీలో ప్రకటనలు పోతాయని. పోనివ్వండి.

విడుదల వాయిదా పడితే వీళ్ల దగ్గర ఒక మంత్రం ఉంది: "సీజీ వర్క్ పెండింగ్." కథ సగంలో మారింది, హీరో డేట్లు ఇవ్వలేదు, ఫైనాన్షియర్ దగ్గర పంచాయితీ తెగలేదు, ప్రెస్‌నోట్‌లో మాత్రం సీజీ వర్క్. గ్రీన్ మ్యాట్ ముడతలు పడి వేలాడుతుంటే "సీజీలో చూసుకుందాం." వెనకాల సెల్‌ఫోన్ టవర్ కనబడితే "సీజీలో లేపేద్దాం." హీరోగారి పొట్ట ముందుకొస్తే, ష్, అది కూడా సీజీలోనే. షూటింగ్‌లో ప్రతి ఒక్కడి బద్ధకమూ చివరికి వచ్చి వాలేది ఆ కుర్రాళ్ల టేబుల్ మీద. పని పంచేటప్పుడు ఎవడు తక్కువకు కోట్ చేస్తే వాడికి. ఎడిట్ లాక్ కాదు. శుక్రవారం రాత్రి షాట్ వస్తుంది, సోమవారం పొద్దున్న అవుట్‌పుట్ కావాలి. ఇచ్చాక "ఇంకొంచెం రియలిస్టిక్‌గా" అని కరెక్షన్ వస్తుంది. ఇంకొంచెం అంటే ఎంత నాయనా? కిలోనా, అరకిలోనా?

ఏలూరు వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి రోటో చేస్తుంది. రోటో అంటే మనిషి అంచు వెంబడి గీత గీసి వెనకనున్న దృశ్యం నుంచి మనిషిని వేరు చేయడం. ఆమె పక్కన కాసేపు కూర్చున్నాను. హీరోయిన్ జుట్టు గాలికి ఎగురుతోంది. షాట్ నాలుగు సెకన్లు. సెకనుకు 24 ఫ్రేములు, అంటే 96 బొమ్మలు. పాయ విడిపోయిన చోట గీత విడదీయాలి, కలిసిన చోట కలపాలి. ఒక పాయ చెంప మీదికి వచ్చి, ముక్కు దగ్గర తిరిగి, మళ్లీ చెవి వెనక్కి పోతుంది. అంతసేపూ ఆమె దాని వెంట వెళ్తూనే ఉంది, మౌస్ కూడా చప్పుడు చేయకుండా. టైటిల్స్‌లో పేరు వస్తుందా అని అడిగితే నవ్వింది. స్టూడియో లోగో వస్తుందట. ఆ సినిమాలో హీరోగారి పర్సనల్ బౌన్సర్ల పేర్లు వచ్చాయి. నేను చూశాను.

24 క్రాఫ్ట్స్, 24 క్రాఫ్ట్స్ అని ప్రతి వేదిక మీదా ఊదరగొడతారు. ఆ లెక్క కట్టిన రోజుల్లో ఈ పనే లేదు. ఇప్పుడు ఈ పని లేకుండా సినిమాయే లేదు. ఆ అమ్మాయి కుర్చీ ఎక్కడ వేశారో ఆ వేదికల మీదున్నవాళ్లలో ఎవరైనా సమాధానం చెబుతారా? ఎదురు చూస్తుంటాను.

"ఇది మన దౌర్భాగ్యం, హాలీవుడ్‌లో ఇలా ఉండదు" అని నిట్టూర్చేవాళ్లున్నారు. వాళ్ల కోసం రెండు ముక్కలు. 'లైఫ్ ఆఫ్ పై'లో పులిని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు మన హైదరాబాద్‌లో కూడా శాఖ ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. రెండు వారాల్లోపే అదే సినిమాకు ఆస్కార్ వచ్చింది. అవార్డు అందుకున్న బిల్ వెస్టెన్‌హోఫర్ స్టేజి మీద తమ కంపెనీ కష్టం గురించి నోరు తెరవబోతే, 'జాస్' సినిమా సొరచేప సంగీతం వేసి మైకు కట్ చేశారు. బయట వందలమంది ఆర్టిస్టులు ప్లకార్డులు పట్టుకుని రోడ్డు మీద ఉన్నారు. పులి మాత్రం అద్భుతం! 2023లో 'ఓపెన్‌హైమర్'లో ఒక్క సీజీ షాట్ కూడా లేదన్న దర్శకుడు నోలన్ మాట లోకమంతా తిరిగింది. నిప్పూ, పొగా, రేణువులూ కెమెరాతోనే తీశారు, నిజమే. వాటిని పొరలు పొరలుగా కలిపి కూర్చింది ఎవరు? డీఎన్ఈజీ అనే ఎఫెక్ట్స్ సంస్థలో కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లు. వాళ్లలో చాలామంది పేర్లు టైటిల్స్‌లో లేవన్న గోల తర్వాత లేచింది. మన "రోప్ కూడా లేదండీ"కి ఇది సూటు తొడుక్కున్న అన్నగారు. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే ఎఫెక్ట్స్ సంస్థ కుప్పకూలినప్పుడు బెంగళూరులో ఎన్ని కుటుంబాలు రోడ్డున పడ్డాయో, ఆ వారం మన సినిమా పేజీల్లో వెతికితే ఒక మూల దొరికింది. ప్రధాన వార్త ఎవరి బర్త్‌డే పోస్టరో.

పేర్లు లేకపోతే ఏం కొంపలు మునిగాయి అంటారా? మునుగుతున్నాయి, వినండి.

2023 నవంబరులో రష్మిక మందన్న ముఖం ఇంకొకామె ఒంటి మీద అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆ పని చేసినవాణ్ణి పట్టుకున్నది మన గుంటూరు జిల్లాలో. ఫ్యాన్ పేజీకి ఫాలోవర్లు పెరగాలని చేశాడట! సిల్వీ గురో ముఖం మీద గీసిన గీతల దగ్గర మొదలైన విద్య యాభై ఏళ్లు తిరిగేసరికి ఒక అభిమాని చేతిలో ఇలా వాలింది. ఆ ఒంటి సొంతదారు కూడా ఒక మనిషే. ఆమె గోడు రెండు రోజులు కూడా మోయలేదు మీడియా. అప్పుడు మీరంతా "ఎవడు చేశాడు? పేరు బయటపెట్టండి" అని అరిచారు. న్యాయమే. కానీ బొమ్మ వెనక మనిషి పేరు అడిగే అలవాటు మీకు ఎప్పుడుంది? మంచి బొమ్మకు పేరు అడగనివాళ్లం, చెడ్డ బొమ్మ వచ్చిన రోజు మాత్రం పేరు పుట్టుకొచ్చేయాలా?

పోయినవాళ్ల సంగతీ ఇంతే. 'యమదొంగ'లో పెద్ద ఎన్టీఆర్ కంప్యూటర్ బొమ్మగా తిరిగొస్తే హాలు ఈలలతో ఊగిపోయింది. 2016లో 'రోగ్ వన్' అని ఇంగ్లిష్ సినిమా వచ్చింది, 1994లో పోయిన పీటర్ కషింగ్ అందులో నడిచాడు, మాట్లాడాడు. కింద ఒళ్లు గై హెన్రీ అనే నటుడిది. అక్కడి నటులు ప్రమాదం పసిగట్టి, 2023లో 118 రోజులు సమ్మె చేసి, డిజిటల్ నకలుకు అనుమతి, డబ్బు అన్న షరతులు రాయించుకున్నారు. మన హీరోలు? తమ ముఖానికి హక్కులు కావాలని కోర్టు మెట్లెక్కుతున్నారు. ఎక్కాల్సిందే. ఆ ముఖం మీద ముడతలు పాతికేళ్లుగా రాత్రిళ్లు కూర్చుని తుడిచినవాడి హక్కు గురించి ఒక్కరైనా మెట్టెక్కారా?

ఇప్పుడు కొత్త పాట మొదలైంది. ఏఐ వచ్చేసింది, ఇక ఆర్టిస్టులు ఎందుకు, ఒక్క వాక్యం టైప్ చేస్తే సైన్యం దిగుతుంది అని. దిగుతుంది. ఆ యంత్రం వెలుగు ఎలా పడుతుందో ఎక్కడ నేర్చుకుంది? ఇన్నేళ్లుగా ఈ పేరులేనివాళ్లు చేసిన బొమ్మలన్నీ మింగి నేర్చుకుంది. మొదట టైటిల్స్‌లోంచి పేరు తీసేశారు, ఇప్పుడు కుర్చీలోంచి మనిషిని లేపుతున్నారు. మొదటిదానికి మనం ఊరుకున్నాం కాబట్టే రెండోది తేలికైంది.

మీకు నేను చెప్పేది అతిగా అనిపిస్తే ఒక పరీక్ష పెట్టుకోండి. వచ్చే పెద్ద సినిమా పండగకే వస్తుంది, మీరు వెళ్లకుండా ఉండరు. అయిపోయాక లేవకండి. చివరి టైటిల్స్ మొదలయ్యీ కాకుండానే ఆపరేటర్ బొమ్మ ఆపేస్తాడు, లైట్లు వేస్తారు, చీపురు పట్టుకున్నాయన లేవమంటాడు. లేవొద్దు. మేనేజర్‌ను పిలవండి. టికెట్ పూర్తి సినిమాకు కొన్నాను, ఆ పేర్లు కూడా సినిమాయే, వెయ్యి అనండి. తర్వాతి ఆట టైమయిందంటాడు. ఏసీ ఖర్చు అంటాడు. వాటి కోసం ఎవరూ అడగలేదు సార్ ఇంతవరకూ అంటాడు. మీరు అడిగారని చెప్పండి. వేశాడా, విజువల్ ఎఫెక్ట్స్ అన్న చోట కళ్లు నిలపండి. ఒక్క స్టూడియో లోగో వచ్చి, కింద పేర్లేమీ లేకుండా జారిపోయిందనుకోండి, హాల్లోంచే ఆ నిర్మాణ సంస్థకు ట్యాగ్ కొట్టి మిగతావాళ్లు ఏరని అడగండి. టీజర్ బాగాలేదని లక్ష పోస్టులు పెట్టిన వేళ్లే కదా అవి.